ఒత్తు లేని కర్మ



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నన్ను చెయ్యమన్నప్పుడు బౌద్ధం గురించే మాట్లాడతానన్నాను. నేను పండితుణ్ణి కాను. 34 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. పాళీ రాదు, బుద్ధుడి బోధలైన సుత్తాలను అనువాదాల్లోనే చదివాను. ఆ పుస్తకాలు మొదట నా చేతిలో పెట్టింది మాస్టారే. ఆయన పేరు మీ ఎదురుగా పటం కింద రాసి ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళూ మేమెవరమూ పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ కూడా నాకు నోరు రాదు. మాస్టారు అనే అంటాను.

నేను చెప్పదలచింది మూడు మాటల గురించి. వాటిలో మొదటిది నా చెవిలో నాటుకుపోయింది ఒక చావింట్లో.

1970ల నాటి సంగతి. వానాకాలం. మా వీధిలో నాలుగేళ్ళ పిల్ల వాంతులు, విరేచనాలతో ఒక్క రాత్రిలో పోయింది. తెల్లవారాక పలకరించడానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ తల్లితో ఒకటే మాట. ‘ఏం చేస్తామమ్మా, నీ ఖర్మ. దానికి అంతవరకే రాసిపెట్టి ఉంది.’ అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా అమ్మ కూడా అన్నది. ఓదార్పుకు మనకు తెలిసిన మాట అదొక్కటే. మాస్టారు వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పిల్ల తండ్రిని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగారు: ‘ఏ బావి నీళ్ళు తాగుతున్నార్రా?’

వీధి చివర బావి గట్టు ఒకవైపు పగిలి ఉంది. వాన పడ్డప్పుడల్లా పక్కనున్న కొట్టం మురుగు అందులోకి దిగుతోంది. అది మేమందరం రోజూ చూస్తున్నదే. ఆ మధ్యాహ్నం మాస్టారు పంచాయతీ నుంచి బ్లీచింగ్ పౌడరు తెచ్చారు. ఒక బకెట్లో దాన్ని ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కు దిగేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నారు. పైన తేరిన నీళ్ళను రెండో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి, పైకీ కిందికీ చాలాసేపు ఆడించారు. రాత్రికి ఎవరూ నీళ్ళు తోడవద్దని ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. ఆ వారంలోనే గట్టు కట్టించారు. ఆ ఏడు మా వీధిలో మళ్ళీ పిల్లలెవరూ పోలేదు.

‘ఖర్మ’ అన్న మాటను చూడండి. సంస్కృతంలో అది కర్మ. చెయ్యడం అన్న ధాతువు నుంచి పుట్టింది, పని అని అర్థం. తెలుగులోనూ ఆ అర్థం పోలేదు. పని చేసేవాణ్ణి కార్మికుడంటాం, పని జరిగే చోటును కర్మాగారమంటాం. కానీ అదే మాటను బాధ కలిగినప్పుడు నోరంతా నింపుకుని, ఒత్తి పలికి ఖర్మ చేశాం. ఒత్తు పడగానే అర్థం తిరగబడింది. చేసేది కాస్తా నెత్తిన పడేది అయిపోయింది. నా ఖర్మ, వాడి ఖర్మ, ఖర్మకాలి ఇక్కడికొచ్చాను, ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు. ఈ చివరి మాట దగ్గర ఆగండి. తెలుగు వ్యాకరణంలో కర్త చేసేవాడు, కర్మ ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ళు. మన వాక్యంలో మనం కర్తలుగా ఉండాల్సిన చోటు వదులుకుని కర్మలుగా మిగిలిపోయాం. బుద్ధుడు చెప్పిన కర్మకు ఈ ఒత్తు లేదు. ఆయన ఆ మాటను ఎత్తుకున్నది సంభాషణ మొదలుపెట్టడానికి. మనం వాడుతున్నది ముగించడానికి.

సుత్తాల సంపుటి అయిన సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు రాజగృహంలో వేణువనానికి వచ్చి బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. మనిషి అనుభవించే ప్రతి సుఖానికీ, దుఃఖానికీ పూర్వకర్మే కారణమని కొందరు శ్రమణులు అంటున్నారు, మీరేమంటారు అని. అవునన్న జవాబు వస్తుందని మనం అనుకుంటాం. బుద్ధుడు కాదన్నాడు. పిత్తం వల్ల వచ్చే బాధ ఉంది, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసి ముదరడం వల్ల వచ్చేది ఉంది. రుతువు మారితే వచ్చేది ఉంది. ఒంటిని సరిగ్గా చూసుకోకపోతే వచ్చేది, ఎవరో కొడితే వచ్చేది ఉంది. ఇవన్నీ చెప్పాక ఎనిమిదోదిగా, ఆఖరున, కర్మఫలం అన్నాడు. అన్నింటినీ కర్మ మీదికి నెట్టేవాళ్ళు తమ కంటికి కనిపిస్తున్నదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. ఈ సుత్తం మాస్టారు నాకు చదివి వినిపించింది బావి సంగతి జరిగిన పదేళ్ళకు. చదివి పుస్తకం మూసి, ‘చూశావా, ఎనిమిదింటిలో బావి కూడా ఉంది’ అన్నారు.

కిసా గౌతమి ఆవగింజల కథ మీలో చాలామందికి తెలుసు. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు ఆమెను పంపాడు. ఆ కథలో నేను మళ్ళీ మళ్ళీ గమనించేది ఆయన అనని మాటను. చచ్చిపోయిన బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లితో ఆయన ‘నీ ఖర్మ’ అనలేదు. నలుగురి ఇళ్ళకు పంపాడు. ఆ నలుగురూ తలుపు తీసి, తమ ఇంట్లో పోయినవాళ్ళ గురించి ఆమెతో చెప్పారు. ఆమె దుఃఖం ఆమె ఒక్కదానిదే కాకుండా పోయింది.

మరి కర్మ అంటే ఏమిటని బుద్ధుణ్ణి అడిగితే ఆయన జవాబు చాలా చిన్నది: చేతన. మనసులో కలిగే సంకల్పం. అది కలిగాకే ఒళ్ళూ, నోరూ, మనసూ పనిలోకి దిగుతాయి. కనుక కర్మ ఉండేది ఈ క్షణంలో, నా చెయ్యి లేవబోయే ముందు. ఈ నిర్వచనం చేసిన మేలు మన దేశంలో కోట్లమందికి ప్రాణంతో సమానమైనది. ఎందుకంటే పూర్వకర్మ పేరు చెప్పి పుట్టుకను శిక్షగా మార్చిన సమాజం మనది. ఫలానా కులంలో పుట్టావంటే ఏదో చేసి ఉంటావు, అనుభవించు అని మనిషి మొహం మీదే చెప్పిన ఊళ్ళు మనవి. మా ఊరూ అందులో ఒకటే. డాక్టర్ అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించారు. ఆయన పోయాక 1957లో అచ్చయిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ అన్న గ్రంథంలో ఈ పూర్వజన్మ కర్మ వాదాన్ని గట్టిగా తిరస్కరించారు. ఆయన చెప్పిన ప్రతిదీ సంప్రదాయ బౌద్ధులు ఒప్పుకోరు. నేను మాత్రం ఈ ఒక్క విషయంలో ఆయన పక్షాన నిలబడతాను. పేదవాడి పేదరికానికి వాడి గతజన్మే కారణమని చెప్పే ధర్మం ఏ గ్రంథం పేరు చెప్పుకున్నా అధర్మమే.

కర్మ అంటే పుట్టుక కాదు, చేసే పని అనడానికి మన కృష్ణాతీరంలో రాతి సాక్ష్యం ఉంది. అమరావతి స్తూపానికి పలకలు ఇచ్చినవాళ్ళ పేర్లు శాసనాల్లో ఉన్నాయి. వాళ్ళలో గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు ఉన్నారు. తోలు పని చేసే విధికుడు కూడా ఉన్నాడు. తాను చర్మకారుణ్ణని దాచుకోలేదు, తన పేరు పక్కనే చెక్కించుకున్నాడు. శాతవాహనుల నాటి మన నేల మీద చెప్పులు కుట్టే చెయ్యి స్తూపానికి పూర్ణకుంభం పలక సమర్పించింది. అది విధికుడి కర్మ. తలరాత కాదు, చేతి పని.

చేతనే కర్మ అన్నాక, చేసిన పని ఫలితం చేతులు దాటిపోతే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చుందుడి కథలో ఉంది. పావా నగరంలో చుందుడనే కమ్మరి పెట్టిన భోజనం బుద్ధుడికి ఆఖరి భోజనమైంది. అది తిన్నాక ఆయనకు రక్తంతో విరేచనాలు పట్టుకున్నాయి. అంత బాధలో కుశీనగరం వైపు నడుస్తూ ఆయన తన శిష్యుడు ఆనందుడితో చెప్పిన మాటల్లో ఒకటి చుందుడి గురించి. నా భోజనం తినే ఆయన పోయాడని చుందుడు కుమిలిపోతాడేమో, అలా కానివ్వకు అన్నాడు. నాకు జ్ఞానోదయం కాబోయే ముందు దొరికిన అన్నం, నేను వెళ్ళిపోయే ముందు దొరికిన ఈ అన్నం రెండూ సమానమని చెప్పమన్నాడు. తాను పోతూ, వంటవాడి గుండె మీద బరువు లేకుండా చూసి పోయాడు. ఆస్పత్రికి ఇంకో గంట ముందు తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో అని ఏళ్ళ తరబడి తమను తాము కోసుకుంటున్న తల్లిదండ్రులు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు. వాళ్ళకు ఈ కథ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మీరు పెట్టింది ప్రేమతో పెట్టిన అన్నం.

ఇక రెండో మాట. పాళీలో సతి, సంస్కృతంలో స్మృతి. దీనికి తెలుగులో ఎంత చక్కని మాట ఉందో చూడండి: ఎరుక. తెలుసుకోవడమూ, తెలిసి ఉండటమూ రెండూ అందులో ఉన్నాయి. ఎరుక అంటే ఏమిటో నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఒక ఎర్ర పెన్ను దగ్గర నేర్చుకున్నాను. క్వార్టర్లీ పరీక్షల పేపర్లు దిద్దేటప్పుడు మార్కులు కూడటానికి మాస్టారు నన్ను ఇంటికి పిలిచేవారు. దిద్దుతూ దిద్దుతూ ఉన్నట్టుండి పెన్నుకు క్యాప్ పెట్టేసి, లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, పెరట్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచి వచ్చి కూర్చునేవారు. ఒకసారి ఎందుకని అడిగాను. ‘వరసగా మూడు పేపర్లు అన్యాయంగా రాశారు. కోపం వచ్చింది. ఈ కోపం నాలుగోవాడి మీద పడకూడదు కదా’ అన్నారు. ఆ నాలుగో పిల్లాడెవరో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. వాడికి రావాల్సిన రెండు మార్కులు ఆ గ్లాసెడు నీళ్ళ వల్ల వచ్చి ఉంటాయి.

కొడుకు రాహులుడికి బుద్ధుడు చేసిన బోధ ఒకటి మజ్ఝిమ నికాయంలో ఉంది. అప్పటికి రాహులుడు ఏడేళ్ళవాడని వ్యాఖ్యానాలు అంటాయి. తండ్రి రావడం చూసి పీట వేసి, కాళ్ళకు నీళ్ళు పెట్టాడు, మన ఇళ్ళలో పిల్లలు చేసినట్టే. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని పాత్రలో కాసిని నీళ్ళు మిగిల్చి, ఆ నీళ్ళతోనే పాఠం చెప్పాడు. తెలిసి అబద్ధమాడేవాడి శీలం ఇంతే అని వాటిని పారబోశాడు, పాత్రను బోర్లించి చూపించాడు. తర్వాత అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు పిల్లవాడు. అలాగే పని చెయ్యబోయే ముందు ఒకసారి, చేస్తూ ఉండగా ఒకసారి, చేశాక ఒకసారి దాన్ని చూసుకో, అది నిన్నుగానీ ఇంకొకరినిగానీ బాధపెడుతుందా అని చూడమన్నాడు. అశోకుడు రాజస్థాన్‌లోని బైరాట్ శాసనంలో భిక్షువులూ, ఉపాసకులూ తరచుగా వినాలని ఏడు ధర్మ పాఠాల పేర్లు చెప్పాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ బోధ వాటిలో ఒకటి. ఒక సామ్రాట్టు భిక్షువులకూ, ఉపాసకులకూ ఏరి ఇచ్చినవాటిలో చిన్నపిల్లవాడి పాఠం ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

చేశాక చూసుకోవడం నాకు ఎంత కష్టమైందో చెబుతాను. నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో ఒక నెల మొదటివారం, జనం కిక్కిరిసి ఉన్నారు. మిరపకోతలకు వెళ్ళే ఒక పెద్దావిడ వేలిముద్ర వేసింది. పడలేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ పడలేదు. ‘ముద్ర వెయ్యడం కూడా రాదా?’ అని అందరూ వినేలా అరిచాను. ఆమె చీర చెంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ వేసింది. అప్పుడు చూశాను ఆ బొటనవేలును. పనిచేసి చేసి గీతలన్నీ అరిగిపోయాయి, ముద్ర పడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు. మర్నెల ఆమె వచ్చింది, నా ముందు ఎవరూ లేకపోయినా పక్క వరసలో నిలబడింది. ఆమె దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. ‘అట్టాంటియ్యి ఎన్ని ఇనలేదు నాయనా’ అన్నది. ఆ జవాబు నన్ను ఇవాళ్టికీ వదల్లేదు.

ఇలాంటి పని చేసినవాడు ఏం చెయ్యాలి? అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఉప్పు గడ్డ పోలిక చెప్పాడు. చిన్న గిన్నెడు నీళ్ళలో ఉప్పు గడ్డ వేస్తే ఆ నీళ్ళు నోట పెట్టలేం. అదే గడ్డ గంగలో వేస్తే గంగ ఉప్పన కాదు. ఉప్పు అదే. మారింది నీళ్ళు. చేసింది చెరిగిపోదు, దాన్ని చెరపమని ఎవరికి మొక్కినా కుదరదు. కానీ మనిషి గిన్నెగా ఉండిపోవాల్సిన పని లేదు. ఆ తర్వాత మిగిలిన ఉద్యోగమంతా వేలిముద్ర వేసేవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, తడిగుడ్డతో వేలు తుడిచి, నేనే పట్టుకుని వేయించాను. అది ప్రాయశ్చిత్తమని చెప్పను. కాసిని నీళ్ళు ఎక్కువ పోశాను, అంతే.

ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అన్న పేరుతో ఎరుక ప్రపంచమంతా తిరుగుతోంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం దీన్ని ఒక శిక్షణగా మొదలుపెట్టారు. నొప్పితో బతికేవాళ్ళకు అది ఊరటనిచ్చింది, అందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలి. కానీ ఫోన్లో యాప్ పెట్టుకుని పది నిమిషాలు ఊపిరి చూసుకుని, వెంటనే పనిమనిషి మీద విరుచుకుపడితే అది బుద్ధుడు చెప్పిన ఎరుక కాదు. గురి చూసే వేటగాడికీ ఏకాగ్రత ఉంటుంది. అందుకే అష్టాంగ మార్గంలో దానికి ముందు సమ్యక్ అన్న మాట ఉంది. గోయెంకా గారి విపశ్యన శిబిరాల్లో పది రోజుల సాధన మొదలయ్యేది కూడా శీలాలు తీసుకోవడంతోనే. ఆ గోయెంకా గారికి గురువైన ఊ బా ఖిన్ అడవిలో ఉన్న సన్యాసి కాదు. స్వతంత్ర బర్మా ప్రభుత్వానికి మొదటి అకౌంటెంట్ జనరల్. ఆఫీసులోనే ధ్యానానికి చోటు ఏర్పాటు చేసి తన గుమాస్తాలకు నేర్పాడు. లెక్కల మనిషిగా ఆయన పేరు చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

మూడో మాట అనిత్యం. మాస్టారు పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. నాగార్జునకొండ లోయలో ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, ఆ రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి జీర్ణోద్ధరణ చేయించిన మహాచైత్యం ఉన్న చోటు, మాస్టారి ఇల్లు, అన్నీ ఒకే నీటి కిందికి వెళ్ళాయి. మా క్లాసును ఒకసారి లాంచీలో కొండ మీది మ్యూజియానికి తీసుకెళ్ళారు. దారిలో నీళ్ళ వైపు చెయ్యి చూపించి, ‘అక్కడ మా చింతచెట్టు’ అన్నారు. మాలో ఒకడు పెద్దవాడిలా, ‘అన్నీ పోయేవే కదండీ మాస్టారూ’ అన్నాడు. ఆయన కోప్పడలేదు. మ్యూజియంలో శిల్పాల ముందు నిలబెట్టి అడిగారు: ‘పోయేవే అనుకుని ఊరుకుంటే ఇవి ఇక్కడ ఉండేవా?’ నీళ్ళు వచ్చేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం ఆ లోయంతా తవ్వింది. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు.

దీనికి ఎదురుగా అమరావతిని పెట్టి చూడండి. 18వ శతాబ్దం చివర అక్కడి స్తూపం దిబ్బను తవ్వి రాళ్ళు తీసుకుపోయారు. చెక్కిన సున్నపురాతి పలకలను బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. 1816లో సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి బొమ్మలు గీయించేనాటికి ఎంతో పోయింది. మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసుకూ, లండనుకూ చేరింది. రాయి అనిత్యమే. కానీ విధికుడి లాంటివాళ్ళు పైసా పైసా కూడబెట్టి ఇచ్చిన పలకలు సున్నమైంది అనిత్యత వల్ల కాదు. పట్టించుకోకపోవడం వల్ల.

బుద్ధుడి ఆఖరి పలుకులో రెండు సగాలు ఉన్నాయి. కూడి ఏర్పడినవన్నీ చెదిరిపోయేవే అన్నది మొదటి సగం. మనం దాన్నే పట్టుకుని శ్మశాన వైరాగ్యం చెప్పుకుంటాం. అప్పమాదంతో సాధించండి అన్నది రెండో సగం. అప్పమాదం అంటే అప్రమాదం, ఏమరుపాటు లేకపోవడం. తెలుగులో ప్రమాదం అంటే ఇప్పుడు యాక్సిడెంటు, మొదట్లో ఏమరుపాటే. అప్రమత్తం అన్న మాట మాత్రం పాత అర్థంతోనే ఉంది. తుఫాను వచ్చినప్పుడల్లా రేడియోలో వింటాం: తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. బుద్ధుడు నోటితో పలికిన చివరి మాటల్లో ఒకటి మన వాతావరణ హెచ్చరికలో బతికి ఉంది. గాలి వస్తుంది, ఆపలేం. పడవలు ఒడ్డుకు లాగి కట్టుకోవడం మన చేతిలో ఉంది. ఆ రోజు కుశీనగరంలో ఆనందుడు తలుపు కమ్మీ పట్టుకుని ఏడుస్తుంటే బుద్ధుడు ఏడవడం తప్పని తిట్టలేదు. పిలిపించి, నువ్వు ఇన్నాళ్ళూ నన్ను ప్రేమగా చూసుకున్నావని చెప్పాడు. అంతా పోతుందన్న మాట తెలిసిన మనిషి ఎదుటివాడితో అలా మాట్లాడతాడు.

మా వీధి బావి పూడ్చేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మనందరం తాగేది బస్టాండు వెనక ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు. ఆ ట్యాంకు స్తంభం మీద ‘శుభ్రపరిచిన తేదీ’ అని నీలం రంగుతో రాసి ఉంటుంది. ఇవాళ ఇక్కడికి వస్తూ ఆగి చూశాను. తేదీ ఉండాల్సిన చోట ఏమీ లేదు, రంగు వెలిసిపోయింది. ఎప్పుడు కడిగారో ఎవరూ చెప్పలేకపోయారు. రేపు పొద్దున తొమ్మిదింటికి నేను పంచాయతీ ఆఫీసు దగ్గర ఉంటాను. మాస్టారి మీద గౌరవం ఉన్నవాళ్ళు రండి. పిల్లలూ, మీరు బడికి వెళ్ళండి, మీ నాన్నలను పంపండి.